మహమ్మారి ప్రణాళికల్లో అమ్మానాన్నలకూ చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 మే 20న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారుల ఒప్పందాన్ని ఆమోదించింది. కొవిడ్ లాంటిది మళ్ళీ వస్తే టీకాలు, మందులు, పరీక్ష కిట్లు అన్ని దేశాలకూ ఎలా అందాలన్నది అందులో ముఖ్యమైన విషయం. మన దగ్గరా ఆక్సిజన్ ప్లాంట్లు, ఐసీయూ పడకలు, వెంటిలేటర్లు లెక్క చూసుకుంటున్నారు. మంచిదే. కానీ 2020 మార్చిలో బడులు మూతపడింది మొదలు దాదాపు ఏడాదిన్నర పాటు బడి, ఆఫీసు, వంటిల్లు, ఒక్కోసారి కొవిడ్ వార్డు కూడా ఒకే కప్పు కింద నడిపింది తల్లిదండ్రులు. వాళ్ళ నిద్ర, వాళ్ళ మనసు, వాళ్ళ ఓపిక గురించి ఎవరూ లెక్క రాస్తున్నట్టు లేదు. పిల్లల, కుటుంబాల మానసిక ఆరోగ్యంపై పనిచేసేవాళ్ళం కాబట్టి ఆ లోటు గురించి రాస్తున్నాం. ఇప్పుడు ఏ వేవూ లేదు కదా అనిపించవచ్చు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వలేం.

బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయంలో మొయిరా మికోలైచాక్, ఇసబెల్ రోస్కామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తల్లిదండ్రుల అలసట మీద చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. పెంపకంలో మోసే బరువులు, అందే ఆసరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడమంటారు వాళ్ళు. బరువులదే పైచేయిగా చాలాకాలం సాగితే మనిషి నలిగిపోతాడు. ముందు ఒళ్ళూ మనసూ పూర్తిగా డస్సిపోతాయి. ‘నేను ఇలాంటి అమ్మని కాదే’ అనే బాధ మొదలవుతుంది. పిల్లలతో ఉండటంలో ఏ సంతోషమూ మిగలదు. చివరికి స్నానం, అన్నం, హోంవర్కు మాత్రం చేయించి, పలకరింపు మానేస్తారు. ఇది డిప్రెషన్ లాంటిదే గానీ అదే కాదు. ఆఫీసు కాల్‌లో మామూలుగా మాట్లాడి, స్నేహితులతో నవ్వి, పక్క గదిలోంచి ‘అమ్మా’ అన్న పిలుపు వినగానే గుండె జారిపోతుంటే అది పెంపకపు అలసట. పట్టించుకోకుండా వదిలేస్తే డిప్రెషన్‌లోకీ దిగుతుంది.

మహమ్మారి చేసిందల్లా బరువులు పెంచి, అదే వారంలో ఆసరాలన్నీ తీసేయడం. బడి లేదు, అంగన్‌వాడీ లేదు, పనిమనిషి రాదు. తాతయ్య, నాయనమ్మలకే వైరస్‌తో ఎక్కువ ముప్పు కాబట్టి వాళ్ళని పిలవలేం. వేసవిలో అమ్మమ్మగారింటికి పంపడమూ పోయింది. ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోను ఉంటే అది ఎనిమిదింటికే నాన్నతో పనికెళ్ళేది, తొమ్మిదింటికి క్లాసు. ఇద్దరు పిల్లలకీ ఒకే సమయంలో క్లాసులుంటే ఎవరిది మాన్పించాలో అమ్మే తేల్చాలి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్ళలో పాఠాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. ఎంతో మేలు జరిగింది. అయితే టీవీ ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టి, పాఠం అర్థమైందో లేదో చూసే పని తల్లిదండ్రుల మీదే పడింది. వాళ్ళలో చదువు రానివాళ్ళు ఎందరో. అక్షరం రాని తల్లి మూడో తరగతి భాగహారం ముందు పడే సిగ్గు చిన్నది కాదు. ఆ సిగ్గే చాలా ఇళ్ళలో కోపమై పిల్లవాడి వీపు మీద పడింది.

ముందుగా గుర్తుపట్టడం సంగతి. మనవాళ్ళు ‘నాకు దిగులుగా ఉంది’ అని రారు. తల భారం, గుండె దడ, ఒళ్ళు నొప్పులు, కాళ్ళు లాగడం, ఆకలి లేకపోవడం, ‘ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదు’. ఆర్‌ఎంపీ దగ్గరికెళితే బి-కాంప్లెక్స్ ఇంజెక్షను, ఓ సెలైను. రెండు రోజులు బాగున్నట్టుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఆశా కార్యకర్తో, ఏఎన్‌ఎమ్మో, క్లాసు టీచరో అడగగలిగే ప్రశ్నలు రెండున్నాయి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా ఎన్ని రోజులు గడిచాయి? దిగులుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులు అనిపించింది? అసలు లేకపోతే సున్నా, కొన్ని రోజులైతే 1, సగం రోజుల కంటే ఎక్కువైతే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. ఇది రోగనిర్ధారణ కాదు, వడపోత మాత్రమే. అడగడానికి రెండు నిమిషాలు చాలు. సాధారణంగా తప్పు జరిగేది అడిగే తీరులో: అత్తగారి ముందు కోడల్ని అడిగితే జవాబు ఎప్పుడూ సున్నానే. పక్కకు పిలిచి అడగాలి.

మూడో ప్రశ్న కూడా అడగాలి: ‘చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు. అలా ఏమీ కాదు, పైగా చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఆ రోజే సాయం అందాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. పల్లెటూళ్ళలో ఇంకో పని వెంటనే చెయ్యాలి. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బా, ఎలుకల మందు, గడ్డిమందు బయటికి తీసి, తాళమున్న చోట, వేరే మనిషి దగ్గర పెట్టాలి. చావాలన్న తలంపు చాలామందిలో కాసేపట్లోనే తగ్గిపోతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

ఆ కొవిడ్ రోజుల్లో అందరికంటే ఒంటరైంది బాలింతలని మా అభిప్రాయం. మొదటి కాన్పు పుట్టింట్లో చేయించడం మన ఆచారం. రాత్రి పిల్లాణ్ణి ఎత్తుకునే అమ్మ, నలుగుపెట్టి స్నానం పోసే పెద్దావిడ, పథ్యం వండే పిన్ని ఉంటారు. లాక్‌డౌన్‌లో అదంతా తెగిపోయింది. నగరంలో అద్దె ఇంట్లో భార్య, భర్త, మూడు రోజుల పసిగుడ్డు. కాన్పయిన మూడో రోజు ప్రాంతంలో కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. పాలిస్తున్న తల్లికీ పనికొచ్చే మందులున్నాయి, డాక్టరు చూసి రాస్తారు. పాలు మాన్పించాల్సి వస్తుందేమోనని చూపించడం వాయిదా వేయొద్దు. ఇక కాన్పయిన తొలి వారాల్లో రెండు మూడు రాత్రులు అసలు నిద్రపోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ గురించి వింతగా చెబుతుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించే పని పెట్టుకోకండి. అది అత్యవసర పరిస్థితి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా ఉంచకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

బాలింత ఉన్న ఇంట్లో భర్త చేయగలిగిన గొప్ప సాయం రాత్రిని రెండు ముక్కలు చేయడం. తొమ్మిది నుంచి రెండింటి దాకా ఒకరు, రెండు నుంచి ఏడింటి దాకా ఇంకొకరు. భర్త వంతులో బిడ్డకు గుడ్డలు మార్చడం, భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, ఊపడం అతనివి. పాలకు మాత్రం బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, తాగగానే తీసుకెళ్ళిపోవాలి. ముక్కలు ముక్కలుగా పడుకోవడం కన్నా వీలైనంత సేపు ఏకబిగిన నిద్రపోవడం మనసుకు ఎక్కువ బలమిస్తుంది. ఇంకో మాట. తల్లికి వైరస్ సోకినా మాస్కు వేసుకుని, చేతులు కడుక్కుని పాలివ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. అయినా చాలాచోట్ల తల్లీబిడ్డల్ని విడదీశారు. మళ్ళీ అలా జరగకూడదు.

ఇంటి పని పంచుకోవడం గురించి చాలామంది చెబుతారు గానీ ఎలాగో చెప్పరు. క్యాలెండరు కాగితం వెనక పిల్లల పనులన్నీ రాయండి. వంట, స్నానం లాంటివే కాదు, కంటికి కనపడనివి కూడా: ఫోను ఛార్జింగు పెట్టడం, క్లాసు లింకు వెతకడం, హోంవర్కు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం, డేటా అయిపోతే రీఛార్జి చేయడం, టీచరు ఫోనుకు జవాబివ్వడం, టీకా తేదీ గుర్తుంచుకోవడం. ఒక్కోదాని పక్కన ఇప్పుడు చేస్తున్నవాళ్ళ పేరు రాయండి. చాలా ఇళ్ళలో పై నుంచి కింద దాకా ఒకటే పేరు వస్తుంది. అప్పుడు మూడు పనులు పూర్తిగా ఇంకొకరికి మార్చాలి, గుర్తుపెట్టుకోవడంతో సహా. ‘చెప్తే చేస్తా కదా’ అనే భర్త సగమే సాయం చేస్తున్నట్టు. ఎందుకంటే గుర్తుంచుకుని చెప్పడమే అన్నిటికన్నా అలసిపోయే పని. తర్వాత ఇద్దరికీ రోజుకో అరగంట, తలుపేసుకుని, పిల్లల బాధ్యత లేకుండా. ఆ అరగంటలో బట్టలు మడతపెట్టడం మొదలుపెడితే అది విశ్రాంతి కాదు. ఒంటరి తల్లికో తండ్రికో ఈ అరగంట ఫోన్లో దొరుకుతుంది: ఊళ్ళో ఉన్న అమ్మమ్మ వీడియో కాల్లో అరగంట కథ చెబితే పిల్ల అక్కడే కూర్చుంటుంది. అది కాలక్షేపం అనుకోకండి, అమ్మమ్మ అంత దూరం నుంచి మనవరాలిని చూసుకుంటోంది. రోజూ ఒకే సమయానికి పెట్టుకోండి.

కోపం వచ్చే వేళలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఆరేళ్ళ పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు మధ్యలో, లేదా రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్య. చెయ్యి లేవడానికి ముందు పళ్ళు బిగుసుకుంటాయి, గొంతు పైకి లేస్తుంది. అక్కడే ఆగాలి. పిల్లాడు క్షేమంగా ఉన్నాడని చూసుకుని, ‘నాకు కోపంగా ఉంది, రెండు నిమిషాల్లో వస్తా’ అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, పది సార్లు. దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. చెప్పకుండా వెళితే పిల్లాడు ఏడుస్తూ వెంటపడతాడు, కోపం రెట్టింపవుతుంది. చెప్పిన సమయానికి తిరిగి రాకపోతే రెండోసారి నమ్మడు. పసిపిల్ల ఏడుపు ఆపక మతి పోతుంటే మంచం మీద కాక కింద చాప మీదో ఉయ్యాలలోనో వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు అవతలికి వెళ్ళడం తప్పు కాదు. పట్టుకుని గట్టిగా కుదిపేయడం మాత్రం ఎన్నడూ వద్దు, పసి మెదడులో రక్తస్రావం కావచ్చు. ఒకవేళ అరిచినా కొట్టినా తర్వాత ‘నేను అరిచాను, తప్పు నాదే’ అని అక్కడితో ఆపండి. ‘కానీ నువ్వు కూడా...’ అని కలిపితే క్షమాపణ కాస్తా మళ్ళీ తిట్టవుతుంది.

తండ్రుల విషయం మన చర్చల్లో పెద్దగా రాదు. ఆదాయం పోయిన మగవాడు బాధను మాటల్లో కాక మౌనంలోనో మద్యంలోనో చూపిస్తాడు. 2020 మార్చి చివర్లో మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు, తాగుడు ఆగిపోవడంతో జబ్బుపడ్డవాళ్ళు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వరుస కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 4న, తెలంగాణలో మే 6న దుకాణాలు తెరిచారు. ఆ నడుమ రోజుల్లో ఇళ్ళలో జరిగింది ఎవరికీ పట్టలేదు. రోజూ బాగా తాగే మనిషికి హఠాత్తుగా ఆగితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనపడి, వినపడి, మనుషుల్ని గుర్తుపట్టకపోవచ్చు. ఇది ప్రాణాంతకం. గదిలో పెట్టి తాళం వేస్తే ‘మానేస్తాడులే’ అనుకోవద్దు, ఆస్పత్రిలో చేర్చాలి. ఊళ్ళో ఎవరైనా గ్లూకోజు ఎక్కిస్తామంటే బి1 విటమిను ఇచ్చారా అని అడగండి. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

మందుల సంగతిలో రెండు పొరపాట్లు పదే పదే జరుగుతాయి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అల్ప్రాజోలం అడిగి తెచ్చుకోవడం మొదటిది. కొన్ని వారాలకే అలవాటైపోతుంది, హఠాత్తుగా ఆపితే ఆందోళన ఇంకా పెరుగుతుంది. డాక్టరు రాసిన డిప్రెషన్ మందును నాలుగు రోజులు వాడి ‘పనిచేయలేదు’ అని పారేయడం రెండోది. ఆ మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా ఆరు నెలలైనా వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా ఆపాలి.

బడుల గురించి. 2020 జూలైలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (ఇప్పటి విద్యాశాఖ) ‘ప్రజ్ఞత’ పేరిట ఆన్‌లైన్ క్లాసులకు మార్గదర్శకాలిచ్చింది. నర్సరీ, యూకేజీలకు రోజుకు అరగంటకు మించకూడదు, ఒకటి నుంచి ఎనిమిది దాకా ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాల క్లాసులు రెండు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు. ఎన్నో ప్రైవేటు బడులు ఐదేళ్ళ పిల్లల్ని మూడేసి గంటలు తెర ముందు కూర్చోబెట్టాయి. కూర్చోబెట్టింది నిజానికి పక్కన కూర్చున్న తల్లిని. మరోసారి అలాంటి రోజులొస్తే బడి చేయాల్సింది ఇది: రోజుకు ఒకే సందేశం, ఒకే సమయానికి, సాయంత్రం ఆరు దాటాక ఏదీ వద్దు. క్లాసు రికార్డు చేసి పంపాలి, ఫోను రాత్రి ఇంటికొచ్చే ఇళ్ళున్నాయి. ఫీజు బకాయి మాట వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ ఎత్తకూడదు. వారానికోసారి టీచరు ఐదు నిమిషాలు ఫోను చేసి మొదట ‘ఇంట్లో ఎలా ఉన్నారండీ?’ అని అడిగి, హోంవర్కు ఆ తర్వాత అడగాలి. టీచర్లూ తల్లిదండ్రులే, ఎందరో జీతాలు లేక అల్లాడారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఈ ఫోను పని వాళ్ళ పనిగంటల్లోనే ఉండాలి.

జబ్బు ఇంట్లోకే వచ్చినప్పుడు భయమంతా ‘ఇద్దరికీ వస్తే పిల్లలెవరి దగ్గర?’ అన్నదే. 2021 ఏప్రిల్, మే నెలల్లో తల్లిదండ్రుల నిద్ర పోగొట్టిన ప్రశ్న ఇది. దీనికి విరుగుడు ఒక అప్పగింత కాగితం. పిల్లల్ని చూసుకోవడానికి ముందే ఒప్పుకున్న ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు. పిల్లల మందులు, పడనివి, టీకా కార్డు ఎక్కడుంది. ‘పాప లైటు వేసుంటేనే పడుకుంటుంది, రాత్రి పెరుగన్నం తప్ప ఏదీ తినదు, బాబుకి జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వచ్చాయి ఒకసారి’. బ్యాంకు పుస్తకం, ఆధార్ ఎక్కడున్నాయో. దీని కాపీ ఒకటి ఇంట్లో, ఒక్కోటి ఆ ఇద్దరి దగ్గర. రాసి పెట్టుకున్నాక భయం పూర్తిగా పోదు గానీ రాత్రంతా తలలో తిరగడం తగ్గుతుంది. పిల్లలకు ‘నాన్న ఊరెళ్ళాడు’ అని అబద్ధం చెప్పకండి. ‘నాన్నకి జబ్బు చేసింది, డాక్టర్లు చూస్తున్నారు, రోజూ సాయంత్రం ఫోన్లో మాట్లాడదాం’ చాలు.

తిరిగి రానివాళ్ళ ఇళ్ళ గురించి ఎక్కువ శ్రద్ధ కావాలి. తల్లీతండ్రీ ఇద్దరినీ కోల్పోయిన పిల్లలకు 2021 మేలో పీఎం కేర్స్ పథకం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పది లక్షల డిపాజిట్ ప్రకటించింది. ఒక్కరు పోయి ఒక్కరు మిగిలిన ఇళ్ళు వాటి పరిధిలోకి రాలేదు. సుప్రీంకోర్టు జోక్యంతో వచ్చిన యాభై వేల పరిహారంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. భర్త చివరి చూపు దక్కలేదు, పెద్దకర్మకు చుట్టాలు రాలేదు, మర్నాటి నుంచే పిల్లల అన్నం, ఫీజు, ఇంటద్దె తనే చూడాలి. ఏడవడానికి వ్యవధి దొరకని దుఃఖం ఏళ్ళ తర్వాత కూడా నిద్రలేమిగా, చిరాకుగా బయటపడుతుంది. ఇలాంటి తల్లికి మొదటి ఆరు నెలలూ నెలకోసారైనా ఒకే మనిషి, ఆశా కార్యకర్త అయినా సరే, ఇంటికొచ్చి అడగాలి. చిన్నపిల్లలకు ‘దేవుడి దగ్గరికెళ్ళాడు’ అంటే ఎప్పుడొస్తాడని ఎదురుచూస్తారు. ‘చనిపోయాడు, ఇక రాడు, మనం గుర్తు చేసుకుంటాం’ అని చెప్పడం కష్టమే అయినా మేలు. అప్పుడు జరగని కర్మకాండ స్థానంలో ఓ సంవత్సరీకం నాడు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఫోటోలు పరిచి, నాన్న గురించి తలో మాట చెప్పుకున్నా మనసు తేలికవుతుంది.

ప్రభుత్వాలను మేము అడిగేది పెద్ద ఖర్చు కాదు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలి-మానస్ 14416 నంబరు ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా తెలుగులో పనిచేస్తోంది. ఆ నంబరు టెన్త్ విద్యార్థుల పోస్టర్లకే పరిమితం కాకుండా రేషన్ షాపులో, అంగన్‌వాడీ గోడ మీద, తల్లీబిడ్డల కార్డు అట్ట మీద ‘అమ్మానాన్నలకూ’ అన్న మాటతో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరుగుతున్నాయి. అందులో పది నిమిషాలు ఆ రెండు ప్రశ్నలకు, ఆ అప్పగింత కాగితానికి కేటాయించవచ్చు, తెలంగాణ కూడా చేయవచ్చు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి మండలానికీ వారంలో ఒక రోజు ఫలానా డాక్టరు ఫలానా పీహెచ్‌సీలో ఉంటారని ముందే తేదీలు ప్రకటించాలి. రెండు ప్రశ్నలు అడిగి 3 వచ్చిందని తేలాక ఎక్కడికి పంపాలో తెలియకపోతే ఆశా కార్యకర్త రెండోసారి ఎవరినీ అడగదు.

భవదీయులు,
పిల్లల, కుటుంబాల మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న కొందరు కౌన్సెలర్లు, వరంగల్